చైనా చరిత్రకారుడు గావో హువాకు మన సిలబస్‌లో చోటివ్వండి: బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల చరిత్ర, రాజనీతిశాస్త్ర విభాగాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు.

డిగ్రీ, పీజీ తరగతులకు ముప్పయ్యేళ్లకు పైగా చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ని. నేను చెప్పిన పేపర్లలో ఆధునిక చైనా ఒకటి. నల్లమందు యుద్ధాలతో మొదలయ్యే ఆ పేపరు 1949 అక్టోబర్ 1న తియనాన్‌మెన్ మీద నుంచి మావో చేసిన ప్రకటనతో ముగిసేది. పరీక్షల ముందు పిల్లలు చదివే గైడులో, వాయవ్య చైనాలోని యెనాన్ పట్టణం కేంద్రంగా కమ్యూనిస్టులు పనిచేసిన ఘట్టమంతా నాలుగు వాక్యాల్లో అయిపోయేది: లాంగ్ మార్చ్ ముగిసింది, యెనాన్ స్థావరమైంది, సభ్యుల ఆలోచనను సరిచేసే పేరిట సాగిన దిద్దుబాటు ఉద్యమంతో పార్టీలో ఐక్యత వచ్చింది, మావో తిరుగులేని నాయకుడయ్యాడు. మూడో వాక్యం నుంచి నాలుగో వాక్యానికి ఎలా వచ్చామన్నది గైడులో లేదు, సిలబస్‌లో లేదు, నిజం చెప్పాలంటే చాలాకాలం నా నోట్సులోనూ లేదు.

ఒక ఏడాది ఒక విద్యార్థి తన పెదనాన్న దాచుకున్న, సాహిత్యం, కళలపై మావో చేసిన యెనాన్ ప్రసంగాల తెలుగు పుస్తకాన్ని తరగతికి తెచ్చాడు. అట్ట ఊడిపోతే తెల్లదారంతో కుట్టుకున్నారు, సగం పేజీల్లో పెన్సిలు గీతలున్నాయి. "సార్, ఇది మావో ఎవరి ముందు మాట్లాడాడు? అక్కడ కూర్చుని విన్న రచయితలు తర్వాత ఏమయ్యారు?" అని అడిగాడు. 1942 మే నెలలో యెనాన్‌లో సాహిత్య కళా గోష్ఠి జరిగిందని, రచయితలూ కళాకారులూ హాజరయ్యారని మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగాను. రెండో ప్రశ్నకు "రేపు చెబుతాను" అన్నాను. ఆ రేపు రావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. వెతుకుతూ పోగా నాకు తగిలిన పేరు గావో హువా. ఆయన అధ్యాపక జీవితాన్ని, ఆయన రాసిన ఒక్క పుస్తకాన్ని మన ఆధునిక చైనా పేపరులో ఒక యూనిట్‌గా చేర్చవలసిందని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గావో హువా 1954లో నాన్‌జింగ్‌లో పుట్టాడు. తండ్రి 1949కి ముందు రహస్యంగా కమ్యూనిస్టు పార్టీకి పనిచేసినవాడు. అదే పార్టీ 1950ల చివర ఆయనపై 'రైటిస్టు', అంటే పార్టీకి ఎదురుతిరిగిన మితవాది, అన్న ముద్ర వేసింది. ముద్ర తండ్రిదే అయినా లెక్కలోకి ఇంటిల్లిపాదీ వచ్చారు. మంచి బడిలో చేరాలనుకున్న పిల్లవాడికి మార్కుల కన్నా ముందు కుటుంబ రాజకీయ చరిత్ర అడ్డం వచ్చింది. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక, కొట్టి చంపుతారన్న భయంతో తండ్రి ఇల్లు విడిచి పారిపోయాడు. ఆయనను పట్టుకోవాలన్న ప్రకటన వీధిగోడ మీద అంటించారు. అప్పటికి కొడుకుకు పన్నెండేళ్లు. బడులు మూతపడిన ఆ కాలంలోనే, సీలు వేసి మూలన పడేసిన 'చెడ్డ' పుస్తకాలకు కాపలా ఉన్న ఒక పెద్దమనిషి దయతలచి కొన్ని ఇస్తే వాటిని ఇంటికి తెచ్చుకుని చదివాడు. తర్వాత ఎనిమిదేళ్లు ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేసి, ప్రవేశ పరీక్షలు తిరిగి మొదలయ్యాక 1978లో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో చేరాడు. అక్కడే డాక్టరేటు పొంది, అక్కడే అధ్యాపకుడై, దాదాపు చివరివరకు ఆ ఊరినే అంటిపెట్టుకుని ఉన్నాడు. ఒక విద్వాంసుడి బయోడేటాగా చూస్తే చాలా చిన్నదే.

ఆ బయోడేటాలో ఏడేళ్ల ఖాళీలాంటిది ఒకటి కనిపిస్తుంది. 1991 ఆగస్టులో ఆయన యెనాన్ దిద్దుబాటు ఉద్యమంపై పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. 1998లో పూర్తయింది. విషయం పార్టీ గుండెకాయ లాంటిది కనుక పార్టీ కేంద్ర దస్తావేజుల భాండాగారం తలుపు ఆయనకు తెరుచుకోలేదు. ప్రభుత్వ పరిశోధన నిధులకు ఆయన దరఖాస్తే పెట్టలేదు. కావలసిన పుస్తకాల్లో చాలామటుకు జీతం డబ్బుతో కొనుక్కున్నాడు. ఇల్లు ఇరుకు. పగలు పాఠాలు చెప్పి, రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక వంటగదిలో భోజనాల బల్ల మీద రాసుకునేవాడు. అలా తయారైన ఏడు వందల పేజీల గ్రంథాన్ని 2000లో హాంకాంగ్‌లోని చైనీస్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. 'ఎర్రసూర్యుడు ఎలా ఉదయించాడు' అన్నది ఆ పేరుకు తెలుగు అర్థం. చైనా ప్రధాన భూభాగంలో దాన్ని అచ్చు వేయనివ్వలేదు. హాంకాంగ్ వెళ్లినవాళ్లు సంచుల్లో పెట్టుకుని తెచ్చుకుంటే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకునేవారు. తన ప్రతులు పట్టుకున్నారని బీజింగ్ న్యాయవాది ఒకరు కస్టమ్స్ శాఖపై కోర్టుకు వెళ్లి పోరాడిన సందర్భం కూడా ఉంది. ఆంగ్లానువాదం రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది, అప్పటికి రచయిత లేడు.

ఆ పుస్తకంలో ఏముందో కాస్త వివరంగా చెప్పాలి. నేను అడుగుతున్నది ఒక మనిషికి నివాళి కింద ఇచ్చే చోటు కాదు గనుక.

దిద్దుబాటు ఉద్యమం 1942 ఫిబ్రవరి 1న కేంద్ర పార్టీ పాఠశాలలో మావో ప్రసంగంతో బహిరంగంగా మొదలైంది. ఆ మార్చిలోనే వాంగ్ షివెయ్ అనే అనువాదకుడు పార్టీ పత్రికలో 'అడవి లిల్లీలు' పేరుతో ఒక వ్యాసం రాశాడు. దుస్తుల్లో మూడు రంగులు, తిండిలో ఐదు తరగతులు ఎందుకని అడిగాడు. అంటే హోదానుబట్టి బట్టలూ భోజనమూ మారుతున్నాయని, సమానత్వం కోసం వచ్చిన యువకులు అది చూసి నొచ్చుకుంటున్నారని. రచయిత్రి డింగ్ లింగ్ మార్చి 8 మహిళా దినం సందర్భంగా యెనాన్‌లో స్త్రీల పరిస్థితిపై రాసింది. సాహిత్య గోష్ఠి ఆ తర్వాత రెండు నెలలకు జరిగింది. జూన్‌లో వాంగ్ షివెయ్‌ని సభల్లో నిలబెట్టి విమర్శించారు. డింగ్ లింగ్ తన తప్పు ఒప్పుకుని ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడింది. 1943 ఏప్రిల్‌లో ఆయనను అరెస్టు చేశారు. 1947లో, యెనాన్ వదిలి వెళ్లాక, చంపేశారు. ఆయనపై మోపిన నేరం తప్పని 1991 ఫిబ్రవరిలో అధికారికంగా ఒప్పుకున్నారు. గావో హువా కలం పట్టింది సరిగ్గా ఆ ఏడే. డింగ్ లింగ్‌కు 1957లో మళ్లీ వంతు వచ్చింది. రైటిస్టు ముద్రతో ఈశాన్యాన మంచుసీమకు పంపారు, ఆ తర్వాత జైలు. నా విద్యార్థి రెండో ప్రశ్నకు జవాబు ఇదే. ఆలస్యంగానైనా చెప్పగలిగాను.

గావో హువా ఈ విషాదాలను ఏకరువు పెట్టి ఊరుకున్నాడా అంటే, లేదు. ఆయన చూపింది పని జరిగిన తీరు. యెనాన్‌లో ప్రతి పార్టీ సభ్యుడూ తన జీవిత చరిత్ర తానే రాసి ఇవ్వాలి. ఒకసారి రాస్తే చాలదు, పదే పదే రాయాలి. మొదటిసారి రాసినదానికీ ఐదోసారి రాసినదానికీ తేడా కనబడితే ఆ తేడాపై ప్రశ్నలు మొదలవుతాయి. వాటితోపాటు 'చిన్న ప్రసారాల' పత్రం ఒకటి ఉండేది. పార్టీ గురించి నువ్వు ఎవరి దగ్గర ఏ కబురు విన్నావు, ఎవరికి చెప్పావు, ఎప్పుడు, ఎక్కడ అన్నది గడులు గడులుగా నింపి ఇవ్వాలి. గుసగుసకు కూడా ఫారం! నేను మొదటిసారి ఆ పేజీ చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. 1943 జులైలో పార్టీ భద్రతా విభాగం అధిపతి కాంగ్ షెంగ్ పిలుపుతో ఊపందుకున్న 'కాపాడే ఉద్యమం'లో ఇవే కాగితాలు గూఢచారులను 'కనిపెట్టే' సాధనాలయ్యాయి. కమ్యూనిస్టుల ప్రత్యర్థి కుమింటాంగ్ పార్టీ ఏలుబడిలో ఉన్న నగరాల నుంచి ఆదర్శంతో నడిచి వచ్చిన కాలేజీ కుర్రవాళ్లు రాత్రుళ్లు నిద్ర లేకుండా ప్రశ్నలు ఎదుర్కొని, చేయని గూఢచర్యం చేశామని ఒప్పుకున్నారు. ఆ వేసవిలోనే, ఎవరినీ చంపవద్దు, ఎక్కువమందిని అరెస్టు చేయవద్దు అన్న ఆదేశం కూడా వచ్చింది. ఉద్యమం మితిమీరిందని మావో తర్వాత సభల్లో క్షమాపణ చెప్పాడు. గావో హువా దీన్నీ రాశాడు. స్టాలిన్ ప్రక్షాళనకూ దీనికీ ఉన్న తేడా ఎక్కడుందో పాఠకుడు తానే చూసుకోగలడు. 1930 డిసెంబర్ నాటి ఫూతియాన్ ఘటన (ఎర్రసైన్యం లోపలే జరిగిన నెత్తుటి ఏరివేత) నుంచి 1945లో పార్టీ ఏడో మహాసభ వరకు సాగే ఆ కథనంలో మావో రాక్షసుడూ కాడు, దేవుడూ కాడు. ఎప్పుడు ఆగాలో, ఎవరిని ఎవరిమీదకు ప్రయోగించాలో తెలిసిన అసాధారణ రాజకీయవేత్త.

దస్తావేజులు చూడనివ్వకుండా ఇదంతా ఎలా రాయగలిగాడన్నది చరిత్ర విద్యార్థికి అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం. పార్టీయే అచ్చువేసిన జ్ఞాపకాలు, కాలక్రమణికలు, సంకలనాలు, పాత పత్రికలు తెచ్చి ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. ఒకరు ఆ నెల గురించి పది పేజీలు రాస్తే మరొకరు ఎందుకు మౌనం వహించారో అడిగాడు. తిట్టడం కోసం అచ్చు వేసినవి కూడా చరిత్రకారుడికి పనికొస్తాయి: 1958లో ఒక సాహిత్య పత్రిక వాంగ్ షివెయ్, డింగ్ లింగ్ పాత వ్యాసాలను 'మళ్లీ విమర్శించడం' కోసం తిరిగి ప్రచురించింది, దానితో మరుగున పడవలసిన ఆ రచనలు కొత్త తరం చేతికి అందాయి. పార్టీ అచ్చుయంత్రమే తన ప్రత్యర్థుల మాటను కాపాడినట్లయింది.

ఈ పుస్తకంలో లోపాలు లేవని నేను అనను. పార్టీ నాయకత్వంలో మావోకు ప్రత్యర్థి అయిన వాంగ్ మింగ్ మాస్కోలో కూర్చుని రాసుకున్న జ్ఞాపకాలను, సోవియట్ ప్రతినిధి వ్లాదిమిరోవ్ పేరుతో 1970లలో వెలువడిన యెనాన్ డైరీని గావో హువా వాడుకున్నాడు. చైనా-సోవియట్ వైరం ముదిరిన రోజుల్లో వచ్చిన ఆ రచనలను ఎంతవరకు నమ్మవచ్చని విమర్శకులు అడిగారు, సబబుగానే అడిగారు. నావరకు నాకు వ్లాదిమిరోవ్ డైరీ మీద బొత్తిగా గురి లేదు. అయితే ఎం.ఏ. విద్యార్థికి ఆధారాల పరిశీలన నేర్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏం కావాలి? ఆ డైరీని ఆధారం చేసుకున్న పేరాలను తీసేస్తే గావో హువా వాదం నిలుస్తుందా కూలుతుందా అని సెమినార్‌లో అడిగి చూడండి.

పక్కన పెట్టి చూడటానికి మరొక జీవితం ఉంది. రొడెరిక్ మెక్‌ఫార్క్వర్ 1930లో మన అవిభక్త భారతదేశంలోని లాహోర్‌లో, ఐసీఎస్ అధికారి కొడుకుగా పుట్టాడు. 1960లో 'ది చైనా క్వార్టర్లీ' పత్రికకు వ్యవస్థాపక సంపాదకుడయ్యాడు, 1974 నుంచి 1979 వరకు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు, ఆ తర్వాత హార్వర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. సాంస్కృతిక విప్లవం మూలాలపై ఆయన మూడు సంపుటాలు 1974లో, 1983లో, 1997లో వచ్చాయి. ఆయన ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. చైనా రాజకీయ చరిత్ర చదివేవాళ్లెవరూ ఆయనను దాటిపోలేరు. కానీ ఆయనకు పత్రిక ఉంది, గ్రంథాలయం ఉంది, రాసింది రాసినట్టు అచ్చువేసే ముద్రణాలయం ఉంది, రాసినందుకు ఇంట్లోవాళ్లకు ఏమవుతుందోనన్న దిగులు లేదు. గావో హువాకు బల్ల ఉంది. ఒకే శతాబ్దంలో, ఒకే పార్టీ చరిత్రపై పనిచేసిన ఈ ఇద్దరి జీవితాలను కలిపి చెబితే, 'చరిత్ర రాయడం' అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక్క మాట పక్కదారి పట్టినా మన్నించండి. మీరంతా మార్కుల పట్టికలు నింపినవారే. యూజీసీ 2018 నిబంధనల పట్టిక ప్రకారం అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12 పాయింట్లు, నాలుగు క్రెడిట్ల మూక్ (ఆన్‌లైన్) కోర్సు తయారుచేస్తే 20. ప్రొఫెసర్ ఉద్యోగానికి కావలసిన పరిశోధన స్కోరు 120. గావో హువా ఏడేళ్ల రాత్రుళ్లు దానిలో పదో వంతు. ఆ ఏడేళ్లలో ఆయన మన దగ్గర ఉండి ఉంటే ఏటా తనిఖీ బృందం ముందు "ఈ సంవత్సరం మీ ప్రచురణలు?" అన్న గడి దగ్గర ఏం రాసుకునేవాడో నేను ఊహించలేను. ఫారం నింపడం గురించి అంత రాసినవాడు కదా!

ఇక, తెలుగువాళ్లకు యెనాన్‌తో పనేమిటని అడిగేవారికి. 1948లోనే ఆంధ్ర కమ్యూనిస్టులు తమ పార్టీ కేంద్రానికి రాసిన పత్రంలో మావో నూతన ప్రజాస్వామ్యాన్ని ఉదహరించి, తెలంగాణ పోరాటానికి చైనా మార్గమే దారి అని వాదించారు. అప్పటికి చైనాలో విప్లవం గెలవనేలేదు. పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే మావోనే తప్పుపట్టి వాళ్ల వాదాన్ని కొట్టిపారేశాడు. శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం వచ్చాక, 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడ్డాక, యెనాన్ ప్రసంగాలు తెలుగు సాహిత్య విమర్శలో రోజువారీ మాట అయిపోయాయి. రచయిత ఎవరి పక్షాన నిలవాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆ ప్రసంగాలను ఎత్తి చూపినవారున్నారు, ఎదిరించినవారున్నారు. ఇరుపక్షాల్లోనూ ఆ గోష్ఠి చరిత్రను వివరంగా చెప్పిన గ్రంథం మాత్రం తెలుగులో నా కంటబడలేదు. దిద్దుబాటు జరుగుతున్నప్పుడు యెనాన్‌లో భారతీయుడు కూడా ఉన్నాడు. 1938లో కాంగ్రెస్ పంపిన వైద్య బృందంలో కోట్నిస్‌తోపాటు వెళ్లిన డాక్టర్ బసు 1943 దాకా అక్కడే ఉండి డైరీ రాశాడు. మనం కోట్నిస్‌ను పాఠాల్లో పెట్టుకున్నాం, బాగుంది. ఆయన సహచరుడు ఏ ఊళ్లో, ఏ రోజుల్లో డైరీ రాసుకున్నాడో కూడా పిల్లలకు తెలియాలి.

చాలా ఏళ్ల కిందట ఒక బోర్డు సమావేశంలో నేను ఈ ప్రతిపాదన తెచ్చాను. మధ్యాహ్న భోజనానికి పది నిమిషాల ముందు నా వంతు వచ్చింది. ఒక సభ్యుడు "ఇది కమ్యూనిస్టులను తిట్టే పుస్తకం, మన పిల్లలకెందుకు?" అన్నారు. ఇంకొకరు "తిట్టే పుస్తకమైతే తప్పకుండా పెట్టాలి" అన్నారు. ఇద్దరూ పుస్తకం చూడలేదు. అధ్యక్షులు "ప్రశ్నపత్రం సెట్ చేసేవాళ్లు దొరకరండీ" అని ముగించారు. మొదటి రెండు మాటలకన్నా ఆ మూడో మాటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు.

వామపక్ష మిత్రులకు ఒక మనవి. గావో హువా విప్లవాన్ని బయటి నుంచి చూసి రాసినవాడు కాడు. ఆ విప్లవం కోసం పనిచేసి దాని చేతిలోనే దెబ్బతిన్న ఇంటి బిడ్డ. దెబ్బ గుర్తుంచుకుంటూనే కోపాన్ని పేజీ మీదకు రానివ్వకుండా రాశాడు. విప్లవ యుగంపై ఆయన వ్యాసాల సంపుటి ఒకటి 2010లో గ్వాంగ్‌డాంగ్‌లో, చైనా గడ్డ మీదే, అచ్చయింది. ఆయనను చదవడం ద్రోహమేమీ కాదు. అవతలి పక్షంవారికీ అదే మనవి. పుస్తకాన్ని కర్రగా వాడుకోవాలనుకునేవారికి అందులో నిరాశే మిగులుతుంది. 2013 తర్వాత చైనాలో పార్టీ అధికారిక కథనాన్ని ప్రశ్నించే చరిత్రకు 'చారిత్రక శూన్యవాదం' అన్న పేరు పెట్టి కట్టడి పెంచారు. అక్కడ తరగతి గదిలో నోరు విప్పి చర్చించలేని పుస్తకాన్ని ఇక్కడ ఎవరూ ఆపకపోయినా చర్చించకుండా ఉండిపోతున్నాం.

కాలేయ క్యాన్సర్‌తో కొన్నేళ్లు పోరాడి గావో హువా 2011 డిసెంబర్ 26న నాన్‌జింగ్‌లో కన్నుమూశాడు. వయసు యాభై ఏడు. డిసెంబర్ 26 మావో పుట్టినరోజు కూడా. ఇది యాదృచ్ఛికమే, అంతకుమించి అర్థం వెతకడం చరిత్రకారుడి పని కాదని ఆయనే అని ఉండేవాడనుకుంటాను.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. ఆధునిక చైనా పేపరును 1949 దగ్గర ఆపకుండా 1976 వరకు తీసుకువెళ్లండి. యెనాన్‌కు ఒక పూర్తి యూనిట్ కేటాయించి, అందులో మావో ప్రసంగాల తెలుగు అనువాదాన్ని, 'కాపాడే ఉద్యమం'పై గావో హువా రాసిన అధ్యాయాన్ని రెంటినీ పాఠ్యభాగాలుగా పెట్టండి. ఒకటి పెట్టి మరొకటి వదిలేస్తే ఏదో ఒక పక్షం కరపత్రం అవుతుంది. తెలుగు మాధ్యమం పిల్లల కోసం కనీసం ఒక అధ్యాయాన్ని, పుస్తకం చివర ఆయన తన జీవితం గురించి రాసుకున్న భాగాన్ని, హక్కుదారుల అనుమతితో విశ్వవిద్యాలయమే అనువదింపజేయాలి. అధ్యాయం అనువదించే అధ్యాపకుడికి ఆ 2018 పట్టిక ప్రకారం 3 పాయింట్లు ఎలాగూ ఉన్నాయి.

నాకు చైనీస్ రాదు. ఆంగ్లం నుంచి ఆ చివరి భాగాన్ని నా చదువు కోసం తెలుగులో రాసుకున్నాను, రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కులో ముప్పావు వంతు అయింది. పేర్ల ఉచ్చారణలు చైనీస్ తెలిసినవారెవరైనా సరిచూడాలి. ప్రశ్నపత్రాలు సెట్ చేసేవాళ్లు దొరకరన్న ఇబ్బంది ఇంకా ఉంటే, మొదటి మూడేళ్లకు నమూనా ప్రశ్నలు, చదవవలసిన పేజీల వివరం రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, పారితోషికం అక్కర్లేదు. మీ తదుపరి సమావేశం తేదీ తెలియజేస్తే నోటుబుక్కు తీసుకుని వస్తాను. వీలైతే ఈసారి నా వంతు భోజనానికి ముందు కాకుండా ఉదయమే పెట్టండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు